పొయ్యికి పోవలసిన కట్టె

ధ్యానభాగము: యోహాను 6:12, 13



ఐదు వేలమంది పురుషులు తిని తృప్తిపొందిన తరువాత మన ప్రభువు చేయించిన పని యొకటి మనము తరచుగా మరతుము. మిగిలిన ముక్కలను ఆయన పోగుచేయించెను. పన్నెండు గంపలు నిండెను. అంతమందికి రొట్టె పెట్టగలవానికి ఆ ముక్కలతో పనియేమి? ఆయన దృష్టిలో పారవేయదగినది ఏదియు లేదు.

మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట నాగళ్లు, కాడిమ్రాకులు పెరళ్లలో మూలబడినవి. ప్రార్థనకై వెళ్లిన యొక యింట అట్టి కట్టెల కుప్ప చూచితిని. "తాతా, చెదలు పట్టకముందే పొయ్యిలో పెట్టరాదా?" అంటిని. ఆ వృద్ధ విశ్వాసి, "అయ్యగారూ, ఇవి నా ఎడ్ల మెడల మీద అరిగిన కట్టెలు. పొయ్యిల పెట్ట మనసొప్పుతలేదు" అనెను.

మరుసటి నెల వెళ్లితిని. అరుగుమీద ఎద్దు నిలిచియుండెను! బండిచక్రపు ఆకులు నాలుగు కాళ్లు, కాడిముక్క వెన్ను, వంగిన మేడి మెడ, నాగటి దుంప తల. క్రొత్త కట్టె యొక్కటియు లేదు. ఎడ్ల రాపిడికి కాడి నున్నబడిన చోటనే ఆయన ఆ మెడను నిలిపెను.

బొమ్మ చేయుట పాపము కాదా యని కొందరడుగుదురు. దానికి మ్రొక్కుట పాపము. చేతినేర్పు దేవుని వరము. మ్రాను చెక్కు పనికొరకు బెసలేలును దేవుడే తన ఆత్మతో నింపెను (నిర్గమ 31:1-5).

ఈ పనిలోనే మరియొక పాఠము కలదు. విజయవాడ చేరువనున్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో ఏనుగు అంబారీలు చేయు పనివారు అవయవములను వేరువేరుగ చెక్కుదురు. వాటిని దేనితో అతుకుదురు? చింతగింజల పొడిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో. మనము ఊడ్చి పారవేయు పొట్టే అక్కడ అవయవములను కూర్చుచున్నది!

ప్రియులారా, ఆ తాత యెదుట నేను సిగ్గుపడితిని. త్రాగుడువలన సంఘమునకు దూరమైన సహోదరుడొకడు కలడు. రెండేండ్లు నేనాతని గడప త్రొక్కలేదు. వాడిక ఎండుకట్టె యని నా మనస్సులో పొయ్యికి అప్పగించితిని. వడ్లపని చేసిన మన యేసు (మార్కు 6:3) నన్ను ఏ కుప్పలోనుండి ఏరుకొనెనో మరచితిని.

ఆ వారమే వెళ్లితిని. అతడు తలుపు తీసెను గాని మాటాడలేదు. ఆరాధనకు ఇంకను రాలేదు. మరల వెళ్లుదును. నాతో మీలో ఎవరు వత్తురు?

ప్రార్థన: ప్రభువా, నీవు ఏరుకొను ముక్కను మేము పొయ్యిలో వేయకుండ మా చేతులను ఆపుము. ఆమేన్.