వ్రాత, గీత, చేవ్రాలు

తెలుగులో 'వ్రాయు' ధాతువు రెండు పనులను చెబుతుంది. అక్షరం లిఖించడం ఒకటి, బొమ్మ చిత్రించడం మరొకటి. ప్రాచీన కావ్యభాషలో చిత్తరువు కూడా వ్రాసేదే. ఈ రెండర్థాలకు సరిహద్దు ఎక్కడ అన్నది నిఘంటుకారునికి చిన్న ప్రశ్న. అక్షరాలు రాకుండా తన పేరును మాత్రం సంతకంగా నేర్చుకొన్న మనిషి ఎదుట అదే నైతిక ప్రశ్న అవుతుంది.

సూర్యాపేట–ఖమ్మం మార్గంలోని మోతె వంటి మండలంలో ఏ మహిళా సంఘపు తీర్మాన పుస్తకం తెరిచినా చివర సంతకాల వరుస ఉంటుంది. వాటిలో వ్రాసినవేవో, గీసినవేవో కంటికి తెలియదు. ఉదాహరణకు 'మల్లమ్మ' అన్న పేరు తీసుకొందాం. పలక మీద ఎవరో వ్రాసి ఇస్తారు. ఆమె దానిపై దిద్దుతుంది. కొన్నాళ్లకు చేతికి దారి తెలుస్తుంది. చూడకుండానే మొదటి వంపు నుంచి చివరి ఒత్తు దాకా ఒకే కదలికగా సాగిపోతుంది. ఆ పేరులోంచి 'మ'ను మాత్రం విడదీసి 'మడి' అన్న మాట వ్రాయమంటే మాత్రం చేయి ఆగిపోవచ్చు.

గీతల క్రమం తెలిస్తే చాలు, అది వ్రాతే అనేవారుంటారు. ఈ వాదానికి చీనా లిపి గట్టి పరీక్ష. అక్కడ పైగీత ముందు, కిందిది తరువాత. ఎడమది ముందు, కుడిది తరువాత. చుట్టుగీసే గడిని చివర మూయాలి. పిల్లలు ఎర్రగా అచ్చయిన అక్షరంపై నల్లగా దిద్ది నేర్చుకొంటారు. పూర్తయిన అక్షరంలో క్రమం దాగిపోతుంది గనుక దాన్ని మరొకరి చేతినుంచే అందుకోవాలి. ఇంతవరకు మన ఓనమాలకూ తేడా లేదు. అయితే ఆ భాష ఒక్క ముక్క తెలియనివారు కూడా ఎనిమిది మూలగీతలకు ఆదర్శంగా చెప్పే 'యుంగ్' అక్షరాన్ని సరైన వరుసలో వేయగలరు. కాబట్టి క్రమం వ్రాతకు అవసరమే గాని చాలినది కాదు.

మరి చాలినదేది? మన లిపిలోనే సమాధానం ఉంది. 'వ'కు కొమ్మును మామూలుగా పక్కన తగిలిస్తే 'మ' వలె కనిపిస్తుంది. అందుకే 'వు' వ్రాసేటప్పుడు కొమ్మును కిందినుంచి మొదలుపెడతాం. ఆ గీత చోటు మారితే అక్షరమే మారుతుందని తెలిసినవారు వ్రాస్తున్నారు. తెలియనివారికి అది పోలిక తగ్గడం మాత్రమే. తప్పు చేయగలగడం వ్రాసేవారికే సాధ్యం. 'దిద్దు' అన్న మాటకు పైన గీయడం, తప్పు సరిచేయడం అని రెండర్థాలుండడం ఇక్కడ గమనింపదగింది. మొదటి దిద్దుబాటు అందినవారందరికీ రెండవది అందలేదు.

రాజ్యం ఈ తేడాను ఒకచోట గుర్తిస్తుంది, మరొకచోట గుర్తించదు. జనగణనలో ఏడేళ్లు, ఆపై వయసువారు ఏదో ఒక భాషలో అర్థం చేసుకొంటూ చదవడం, వ్రాయడం వస్తేనే అక్షరాస్యులు. 2011లో తెలంగాణలో నమోదైన 66.54 శాతం ఆ నిర్వచనం ప్రకారమే. పేరొక్కటే వస్తే అందులో చోటు లేదు. చీనాలో నిరక్షరాస్యతా నిర్మూలన నిబంధనలు గ్రామీణ రైతుకు 1,500 అక్షరాలు రావాలన్నాయి. తెలుగులో మల్లమ్మ రెండు హల్లులతో గట్టెక్కుతుంది. పత్రం కింద మాత్రం ఆ రెండే చాలు. చట్టం దృష్టిలో వేలిముద్రా సంతకమే. పేరు వ్రాయలేనివారి విషయంలో సంతకం అంటే గుర్తు కూడా అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది.

వేలిముద్ర నుంచి చేవ్రాలుకు రావడం గౌరవం. సిరా అంటిన బొటనవేలిని తలకు తుడుచుకొన్న తరాలకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. కాని వేలిముద్ర ఒక నిజం చెప్పేది: ఈమెకు చదవడం రాదు, చదివి వినిపించే బాధ్యత మీది అని. దిద్ది నేర్చిన సంతకం ఆ నిజాన్ని కప్పేస్తుంది. కాగితం తెచ్చినవాడు ఇక చదివి వినిపించడు. గౌరవం పెరిగినచోటే రక్షణ సన్నగిల్లింది. దోషం ఆమె చేతిది కాదు. సంతకాన్ని అవగాహనకు సాక్ష్యంగా తీసుకొనే మన అలవాటుది.

బ్యాంకు రుణపత్రం ఆంగ్లంలో ఉంటే ఆచార్యులైనా చదవకుండానే సంతకం చేస్తారు గదా అనవచ్చు. నిజమే. నిజాం పాలనలో దస్త్రాలు ఉర్దూలో నడిచిన కాలాన, తెలుగు చక్కగా వచ్చిన రైతు కూడా తనకు రాని లిపి కిందనే సంతకం పెట్టవలసి వచ్చింది. అక్షరజ్ఞానం ఎప్పుడూ ఎదుటి పుటను బట్టి కొలవవలసిందే. అయినా ఆచార్యుడు చదవకపోవడం అతని నిర్లక్ష్యం, కావాలంటే చదవగలడు. రైతుకూ మల్లమ్మకూ ఆ వీలు లేదు. రైతుకు రానిది పరలిపి అని కాగితమే చెప్పేది. మల్లమ్మ విషయంలో కాగితమూ తెలుగే, సంతకమూ తెలుగే. తెలుగు దస్తావేజుల్లో 'చదివి వినిపించగా విని, సమ్మతించి' అన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. వినిపించినా, వినిపించకపోయినా దాని కిందనే ఆమె పేరు గుండ్రంగా, ముచ్చటగా నిలుస్తుంది.