బంధమే ధర్మమగునా?

హసన్‌పర్తి చెరువులలో బొచ్చెలు, కొర్రమీనులు దొరకును గాని డాల్ఫినులుండవు. వాటిని చూడగోరువారు ఒడిశాలోని చిలికా సరస్సునకు పోవలెను. సాతపడా రేవున పడవ యెక్కి కొంత దూరము పోయిన పిమ్మట గుండ్రని తలలు నీటిపై లేచి మునుగుచుండును. ఇది ఐరావతీ జాతి. పేరు మయన్మారు నదిదైనను, 1866లో రిచర్డ్ ఓవెన్ ఈ జాతిని మొదట వర్ణించినది 1852లో మన విశాఖపట్టణపు రేవున దొరికిన డాల్ఫినును బట్టియే.

తల్లి ప్రక్కనే పిల్ల. రెండును ఒక్కమారే లేచి ఊపిరి తీసికొనును. "జంతువులకున్న ప్రేమ మనుష్యులకు లేకపోయెనే!" అని పడవలోనివారనుట పరిపాటి. మాట వినుటకు బాగుండును. విచారించి చూచిన అంత తేలిక కాదు.

బాటిల్‌నోస్ అను మరియొక జాతిలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఈల కలదు. అది పేరు వంటిది. ఇరువది యేండ్లు ఎడబాసిన తరువాతను పాత సహచరుని ఈలను గుర్తుపట్టునని 2013లో వెలువడిన పరిశోధన తెలిపినది. చచ్చిన పిల్లను దినముల తరబడి నీటిపైకి ఎత్తిపట్టు తల్లులను శాస్త్రజ్ఞులు చూచియున్నారు. దానిని దుఃఖమనవచ్చునా? అనరాదనుటకు మాత్రము ఆధారమేమి?

అయినను, ఆస్ట్రేలియాలోని షార్క్ బే అఖాతమున ఆ బాటిల్‌నోస్ వర్గపు మగవి రెండు మూడు జట్టుకట్టి, యేండ్ల తరబడి యొకదానినొకటి విడువక, ఆ జట్టు బలముతోనే ఆడదానిని చుట్టుముట్టి బలవంతముగ తమ వెంట నిలుపుకొనును. అదియు స్నేహమే. అందు బంధమునకు కొరత లేదు, దయకే కొరత. తనవారికై ప్రాణమిచ్చువాడే పరులయెడ కఠినుడగుట మన కుటుంబములలో, కులములలో చూడనిదా? కావున డాల్ఫినులను గురుపీఠమున కూర్చుండబెట్టుట తొందరపాటు.

మరి వాటి బంధముతో మనకు పనియే లేదా? కలదు. అది సద్గుణమైనను కాకున్నను, తెగినచో నష్టపోవునవి ఆ ప్రాణులే. మోటారు పడవలు వెంబడించి చుట్టుముట్టినపుడు గుంపు చెదరును. పంకా రెక్కలు తగిలి గాయపడుటయు కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీటిని కాపాడుచున్నది గాని, నడి సరస్సులో చట్టమునకంటె ప్రయాణికుని మాటయే ముందు పడవవానికి వినబడును. "ఇంకొంచెము దగ్గరకు పోనీయవయ్యా" అనువాడు ప్రేమను చూడవచ్చినవాడే!

"మోటారు ఆపవయ్యా" అన్నవానికి ఫొటో సరిగా రాదు. తలలు దూరముననే రెండుమార్లు లేచును. తల్లీపిల్లలు కలిసియే మునుగును.