పెంచిన చేతుల కూలి

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో ఎత్తిపోతల వుంది. చంద్రవంక అక్కడ డెబ్భై అడుగుల ఎత్తునుంచి మడుగులోకి దూకి, కొంతదూరం పోయి కృష్ణలో కలుస్తుంది. యతులు తపస్సు చేసిన స్థలం గనక ఆ పేరు వచ్చిందని పురాణజ్ఞులంటారు. నీళ్లు కళ్లెదుట ఎత్తునుంచి పోస్తూ వుంటే వేరే వ్యుత్పత్తి దేనికో నాకు తెలియదు. జలపాతం దగ్గర దత్తాత్రేయుడి గుడి వుంది. చుట్టుపట్ల తండాల లంబాడీలు ఆయనకూ మధుమతీదేవికీ మొక్కుకుంటారు. కింద మడుగులో మొసళ్ల పెంపకకేంద్రం వుంది. చూడవచ్చినవాళ్లు నీళ్లు చూసి, మొసలి కనిపిస్తే సంతోషించి, ఫొటో తీసుకొని పోతారు.

నన్ను ఆలోచనలో పెట్టింది దత్తుడి పేరు. దత్తుడంటే యివ్వబడినవాడు. అత్రికి తనను తాను కొడుకుగా యిచ్చుకొన్నాడు గనక దత్తాత్రేయుడైనాడట. దత్తత అనే మాట కూడా అందులోంచి వచ్చిందే. పిల్లవాణ్ణి యివ్వడానికి మన భాషలో మాట వుంది, పుచ్చుకోవడానికీ మాట వుంది. యిచ్చినచోటుకూ పుచ్చుకొన్నచోటుకూ మధ్య ఆ పిల్లవాడికి అన్నం పెట్టి, ముక్కు తుడిచి, జ్వరం వస్తే రాత్రంతా మేలుకొన్న మనిషికి మాత్రం మర్యాదయిన మాట లేదు. దాది అన్నాం, ఆయా అన్నాం. రెండూ పనిమనిషికి పెట్టిన పేర్లే. “కన్నప్రేమ కంటే పెంచిన ప్రేమ గొప్పది” అని సామెత చెప్పుకోవడానికి మనకేమీ అడ్డం రాలేదు. ఆ పెంచిన ప్రేమకు నెలకు యింతని లెక్కగట్టి యివ్వమంటే మాత్రం అడ్డమైన నీతులన్నీ గుర్తుకు వస్తాయి.

ప్రశ్న యిది: పరాయి బిడ్డను సాకినందుకు కూలి పుచ్చుకోవడం తప్పా? పుచ్చుకొంటే ఆ సాకటం విలువ తగ్గిపోతుందా?

ముందుగా వొక సంగతి చెప్పాలి. పరాయి బిడ్డను యింట్లో పెట్టుకోవడం మన దేశంలో ఎన్నడూ వుత్త ప్రేమవ్యవహారం కాదు. పాతకాలపు దత్తత ఆస్తి కోసం, పిండోదకాల కోసం జరిగింది. అందుకే మగపిల్లవాణ్ణే దత్తు చేసుకొన్నారు. ఆడపిల్లను దత్తు చేసుకోవచ్చుననీ, ఆడది తన హక్కున తాను దత్తు చేసుకోవచ్చుననీ చట్టం ఒప్పుకొనేసరికి 1956 వచ్చింది. ఇక పేదింటి పిల్లవాణ్ణి పెద్దయింట్లో “పెంచుకొంటాం” అంటే అర్థం, వాడు పశువుల కాపరి అవుతాడని. తిండీబట్టా యిచ్చి పెంచామని చెప్పే పెద్దమనుషులు, ఆ తిండీబట్టా వాడు ఎనిమిదో యేటినుంచే సంపాదించుకొన్నాడని చెప్పరు. పలనాటి కథలో బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకుగా చేసుకొన్నాడు. అభ్యుదయవాదులం దాన్ని కులం మీద ధిక్కారంగా చెప్పుకుంటాం. ఆ మాట సరయినదే. అయితే బిడ్డలను సాకిన చేతుల లెక్క వీరగాథల్లోకి రాదు. కత్తి పట్టిన తరువాతనే మనిషి కథలోకి వస్తాడు.

ఆధునిక కాలంలో యీ పని సంఘసేవ అయింది. పలనాటి పుల్లరి ఉద్యమం కాలంలో జైలుకు పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణగారూ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారూ 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టారు. దుర్గాబాయిగారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. వీరి త్యాగాన్ని తక్కువచేసే వుద్దేశం నాకు లేదు. కాని వాళ్లు నెలకొల్పిన ఆదర్శాన్ని వెనుక వచ్చిన ప్రభుత్వాలు ఎలా వాడుకొన్నదీ గమనించాలి. త్యాగం చేయదలచినవాడు తన జీతం తాను వదులుకొంటాడు. ప్రభుత్వం చేసినపని, యితరుల జీతాన్ని త్యాగం చేయడం.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. ముప్ఫై మూడు ప్రాజెక్టులతో మొదలై దేశమంతా వ్యాపించింది. పల్లెలో చంటిపిల్లలకు తిండిపెట్టి, తూకం తూచి, గర్భిణుల పేర్లు రాసి, ఆటాపాటా నేర్పే మనిషిని అంగన్‌వాడీ కార్యకర్త అన్నారు. ఉద్యోగి అనలేదు. ఆమెకు యిచ్చేదానికి గౌరవవేతనం అని పేరు పెట్టారు. భాషలో యింత గడుసు సమాసం యింకొకటి నాకు కనిపించలేదు. గౌరవం వున్నందువల్ల వేతనం తక్కువ, వేతనం తక్కువ గనక గౌరవమూ అంతంతమాత్రమే. అంగన్‌వాడీ కార్యకర్తల కొలువు సివిల్ పోస్టు కాదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మళ్లీ అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో, గౌరవవేతనమనే పేరున్నా అది వేతనమే, వాళ్లకు గ్రాట్యుటీ యివ్వవలసిందే అన్నది. పదహారేళ్లలో పని మారలేదు. చూసే కన్ను కొంచెం మారింది.

ఆ పని ఎలాటిదో ఎత్తిపోతల దగ్గర వొక తండాలో చూశాను. అక్కడి కార్యకర్త నాకు పరిచయస్తురాలు. పేరు చెప్పవలసిన పని లేదు. మిరపకోతల కాలం వస్తే తల్లులు తెల్లవారకముందే ఆటోలెక్కి పోతారు. పిల్లలు తొమ్మిదింటికి రావాలి, ఆరున్నరకే గుమ్మంలో వుంటారు. రిజిస్టరు ప్రకారం ఆ రెండున్నర గంటలూ లేనే లేవు. నాలుగేళ్ల క్రితం తండాలో వొక తల్లి చచ్చిపోయింది. తండ్రి అంతకుముందే ఎటో పోయాడు. ఆమె ఆ మూడేళ్ల పిల్లను తన యింట్లో పెట్టుకొని పదకొండు నెలలు సాకింది. తరువాత మేనమామ వచ్చి తీసుకొనిపోయాడు.

ఆ సంగతి విని నేను మనస్ఫూర్తిగానే, “నీకు పుణ్యం వుంటుందమ్మా” అన్నాను.

ఆమె నవ్వి, “మీరు బడిలో ఎన్నేళ్లు చెప్పారన్నా?” అన్నది.

“ముప్ఫై రెండేళ్లు.”

“జీతం పుచ్చుకొనేగా చెప్పారు? జీతం వచ్చిందని పిల్లలమీద మీకు ప్రేమ పోయిందా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. పైగా నాకిప్పుడు పింఛను వస్తున్నదని కూడా గుర్తుకు వచ్చింది. ఆ పిల్లను సాకినందుకు ఆమెకు ఎవరూ ఏమీ యివ్వలేదు. నేను యివ్వజూపింది పుణ్యం. నా దగ్గర లేని వస్తువును నేను పంచిపెట్టాను.

నా వంటివాళ్లు యీ విషయంలో చేసే తప్పు ఎక్కడుందో ఆ మాటతో తెలిసింది. ప్రేమను కొనలేము, నిజమే. కాని జీతం యిచ్చేది ప్రేమకు కాదు. ఆమె గడిపిన రాత్రికి, పోసిన పాలకు, ఆ పిల్లవల్ల పోలేకపోయిన కూలికి. వైద్యుడు రోగిమీద దయ చూపితే ఫీజు మాఫీ కాదు. మగవాడి పనిలో దయ కలిస్తే ఆ పని గొప్పదవుతుంది. ఆడదాని పనిలో దయ కలిస్తే ఆ పని వుచితమవుతుంది. కారణం మరేమీ కాదు, యింట్లో ఆమె యీ పని ఎప్పుడూ వుచితంగానే చేస్తూ వచ్చింది. రష్యా విప్లవం తరువాత సాంఘిక సంక్షేమశాఖకు కమిసార్ అయిన అలెగ్జాండ్రా కొల్లంతాయ్, పిల్లల పెంపకం సమాజం బాధ్యత కావాలని 1920లోనే వాదించింది. మనం సమాజం బాధ్యత అని ఒప్పుకొన్నాం. బిల్లు మాత్రం పాతయింటికే పంపుతున్నాం.

ఎదుటి వాదం యింత తేలిగ్గా పోయేది కాదు. డబ్బు వచ్చిన చోటికి బేరం వస్తుందనే భయం వూరికే పుట్టింది కాదు. ఎత్తిపోతల నుంచి చూస్తే కృష్ణకు అవతలిది నల్లగొండ జిల్లా. ఆ జిల్లాలో దేవరకొండ తండాలున్నాయి. 1999లోనూ మళ్లీ 2001లోనూ లంబాడీ ఆడశిశువులను తల్లుల దగ్గర కొద్ది సొమ్ముకు తీసుకొని దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారం బయటపడి రాష్ట్రమంతా కలవరపడింది. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడం కుదరదని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు యిచ్చింది. పిల్లల దగ్గరికి డబ్బును రానిస్తే జరిగేది యిదేనని కొందరు అంటారు.

అయితే ఆ డబ్బు దేనికి వచ్చిందో చూడాలి. బిడ్డను యిచ్చినందుకు వచ్చింది. వుంచుకొని పెంచుకొంటానంటే ఆ తల్లికి అప్పుడు ఎవరూ ఒక్క రూపాయి చూపలేదు. ఇవ్వడానికి ధర వున్నప్పుడు, పెంచడానికి ధర లేనప్పుడు ఏది జరుగుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం అక్కరలేదు. 1956 చట్టం దత్తతకు డబ్బు చేతులు మారడాన్ని నిషేధించింది, మంచిదే. కాని వదులుకోగూడదని శాసించేవాడు, వుంచుకోవడానికి యేం పెడతాడో కూడా చెప్పాలి. ఆ మాట చెప్పడానికి చాలా ఆలస్యమయింది. 2022లో వచ్చిన మిషన్ వాత్సల్య నిబంధనల ప్రకారం, దిక్కులేని స్థితిలోవున్న పిల్లలను స్వంతవాళ్ల దగ్గరే వుంచడానికి గాని, వేరే కుటుంబంలో పోషణకు పెట్టడానికి గాని నెలకు నాలుగువేలు యిస్తారు. 2015 బాలల న్యాయ చట్టం, పోషణకు పెట్టే కుటుంబం కన్నకుటుంబం కాకూడదనీ, బాలల సంక్షేమ సమితి పరీక్షించి ఆమోదించాలనీ, దానిమీద నిఘా వుండాలనీ చెప్పింది. నాలుగువేలతో బిడ్డను కొనలేరు. సరిగ్గా పెంచనూలేరు. అయినా యిది భిక్ష కాదనీ, పనికి ముట్టే సొమ్మనీ ఒప్పుకోవడానికి అది మొదటి మెట్టు. నేనయితే యిచ్చేదానిని పెంచమంటాను, నిఘా కూడా పెంచమంటాను. డబ్బూ యివ్వక, చూడనూ చూడక, తల్లిప్రేమను నమ్ముకొన్న చోటే పిల్లలు పశువుల కాపరులయ్యారు.

ఇక ఉద్యోగంలో ఎదుగుదల సంగతి. యీ రంగంలో అది విచిత్రంగా వుంటుంది. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర సంఘసేవా పాఠశాల పెట్టిన నాటినుంచి యిది చదువుకొని చేసే వృత్తి అయింది. చదువుకొన్న కుర్రవాడు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కాంట్రాక్టు మీద చేరతాడు. ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అనే బెంగతో, తల్లిదండ్రులు పోయిన పిల్లకు భవిష్యత్తు మీద ధైర్యం చెబుతాడు. ఎక్కడైనా ఖాయమైన ఉద్యోగం దొరకగానే పోతాడు. అతన్ని తప్పుపట్టలేము. కాని ఆ పిల్ల లెక్కలో, వదిలిపోయినవాళ్లలో అతను కూడా చేరతాడు. మిగిలిన వృత్తుల్లో మనిషి మారితే ఫైలు మిగులుతుంది. యిక్కడ మనిషే పని.

పైకి పోయినవాడి సంగతీ అంతే. పైకి పోవడమంటే పిల్లలకు దూరం కావడం. సూపర్‌వైజరు పోస్టుల్లో కొన్ని అంగన్‌వాడీ కార్యకర్తలకు కేటాయించారు. పరీక్ష రాయకపోయావా అని మా పరిచయస్తురాలిని అడిగాను. “రాశానన్నా, రాలేదు. వస్తే పోయేదాన్నే. పిల్లల మీద బెంగ వుండేది గాని, పోయేదాన్నే” అన్నది. నేను యింకేదో జవాబు ఆశించాను. త్యాగమూర్తులను చూడాలనే యావ మనకు ఎంత బలంగా వుంటుందో అప్పుడు నాకే సిగ్గనిపించింది. బిడ్డల దగ్గరే వుండి అనుభవం పెరిగినకొద్దీ జీతమూ హోదా పెరిగే మార్గం వుంటే, ఆమె బెంగకూ ఆమె బతుకుకూ పోటీ వచ్చేది కాదు. 1920లో పొల్తావా దగ్గర అనాథ బాలనేరస్థులతో కాలనీ నడిపిన మకరెంకో, బిడ్డలమధ్య వుండి చేసే పనినే శాస్త్రంగా, జీవితవృత్తిగా చేసుకొన్నాడు. ఆయనకు చిక్కు వచ్చింది పిల్లలతో కాదు, విద్యాశాఖ అధికారులతో. 1928లో కాలనీ వదిలిపెట్టవలసివచ్చింది.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి నలభై రెండు రోజులు రోడ్లమీద వున్నారు. అప్పుడు కార్యకర్తకు యిచ్చేది పదకొండువేల అయిదువందలు, ఆయాకు ఏడువేలు. జనవరిలో ప్రభుత్వం వాళ్లమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు వాళ్లది స్వచ్ఛందసేవ, పని ఆపినప్పుడు అత్యవసరసేవ! పసిపిల్లలను పస్తుపెట్టి సమ్మె చేయడం న్యాయమా అని అప్పుడు చాలామంది అడిగారు. అది అడగదగిన ప్రశ్నే. పిల్లలు బేరంలో పావులు కాగూడదు. కాని ఆ పిల్లలను అడ్డం పెట్టి అన్ని యేళ్లుగా బేరం ఆడినవాళ్లెవరో కూడా ఆ నోటితోనే అడగాలి.

చివరికి నాకు తెగని ముడి వొకటి వుంది. పోషణకు తీసుకొన్న బిడ్డను ఎప్పుడో వొకప్పుడు వదలాలి. కన్నవాళ్లు కోలుకొంటే యిచ్చెయ్యాలి. దత్తత కుదిరితే పంపాలి. ప్రేమించమనీ, అంటిపెట్టుకోవద్దనీ ఏకకాలంలో చెప్పే ఉద్యోగం యిది. జీతం ఆ బాధకు పరిహారం కాజాలదు. ఏ వేతనసంఘమూ దాన్ని లెక్కగట్టలేదు. జీతం వుంటే బాధ తగ్గుతుందని నేను చెప్పను.

ఆ మేనమామ పిల్లను పోయినేడు దత్తాత్రేయుడి గుడికి తీసుకొచ్చాడట. “నన్ను గుర్తుపట్టలేదన్నా. ఆవిడెవరని వాళ్ల మామనే అడిగింది. కొత్త గౌను వేశారు, వొళ్లు చేసింది. బాగానే చూస్తున్నారు” అన్నది. కాసేపటికి లోపలికి పోయి వొక కాగితం తెచ్చింది. పోషణ కుటుంబంగా పేరు రాయించుకోవడానికి దరఖాస్తు. ఒంటరి ఆడవాళ్లు కూడా బిడ్డను పోషణకు తీసుకోవచ్చునని 2024లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఆమెకు భర్త లేడు. ఆదాయం అన్నచోట ఏం రాయాలో తెలియక ఆగిపోయింది. “గౌరవవేతనం ఆదాయమేనా?” అని అడిగింది. ఆదాయమేనని చెప్పి రాయించాను. మిగిలిన గళ్లు నింపేసరికి మాచర్ల పోయే చివరిబస్సు వేళయింది.