తన వాటా పని

తకేషి ఒకాడా 1956లో ఒసాకాలో పుట్టాడు. వసేదా విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్‌గా ఆడాడు. జపాన్ జట్టుకూ ఆడాడు గానీ, ఆటగాడిగా జనం కథలు చెప్పుకునేంత పేరేమీ రాలేదు. ఆ పేరు, దానితోపాటు తిట్లూ, కోచ్ అయ్యాక వచ్చాయి.

1997 అక్టోబరులో ప్రపంచ కప్ అర్హత పోటీలు నడుస్తుండగానే కోచ్ షూ కామోను తప్పించి, సహాయకుడిగా ఉన్న ఒకాడాకు జట్టును అప్పగించారు. అప్పటికి ఆయన ఏ జట్టుకూ ప్రధాన కోచ్‌గా పనిచేసి ఎరుగడు. జపాన్ అంతకుముందు ఒక్కసారి కూడా ప్రపంచ కప్ ఆడలేదు. ఇంటికి బెదిరింపులు వచ్చాయి, పోలీసులు కాపలా ఉండాల్సివచ్చింది. ఇరాన్‌తో ఆఖరి మ్యాచ్ ముందు మలేషియాలోని జొహోర్ బారు నుంచి భార్యకు ఫోన్ చేసి, రేపు గెలవకపోతే జపాన్‌కు తిరిగి రాలేనేమో అన్నాడు. ఆ తర్వాత మనసు మరో దారి పట్టిందని ఆయనే చెబుతుంటాడు. నాకున్న శక్తంతా పెడతాను, అయినా ఓడితే దేశానికి క్షమాపణ చెబుతాను, కానీ ఆ తప్పు నాది కాదు, నన్ను ఎంచుకున్న ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడిది అనుకున్నాడట. మనవాళ్లైతే ఇక్కడ వెంటనే గీతను తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ చివరి మాటలోని కొంటెతనమే నచ్చింది. మరునాడు జపాన్ అదనపు సమయంలో 3-2తో గెలిచింది.

ఇది బాధ్యత తప్పించుకోవడం కాదా అని అడగవచ్చు. 1998లో ఆయన చేసింది చూస్తే అలా అనిపించదు. ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్‌కు వెళ్లే జట్టులోంచి కజుయోషి మియురాను తీసేశాడు. ఆ రోజుల్లో జపాన్‌లో ఫుట్‌బాల్ అంటే మియురానే. ఆ నిర్ణయాన్ని ఇంకొకరి మీదికి నెట్టలేదు. జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఆయన తప్పుకున్నాడు. మియురా ఉంటే ఏమయ్యేదో ఎవరూ తేల్చలేరు. జవాబు దొరకని ప్రశ్నను జీవితాంతం వెంటబెట్టుకుని తిరగడమూ ఆయన వాటాలోదే.

తర్వాత సప్పొరో జట్టును పై డివిజన్‌కు చేర్చాడు. యొకొహామా మారినోస్‌కు 2003, 2004లలో వరుసగా లీగ్ టైటిళ్లు తెచ్చాడు. 2007లో అప్పటి కోచ్ ఒసిమ్‌కు పక్షవాతం రావడంతో దేశం మళ్లీ ఈయన్నే పిలిచింది. దక్షిణాఫ్రికాలో జరిగే ప్రపంచ కప్‌లో సెమీఫైనల్ మా లక్ష్యం అంటే నవ్వారు. ప్రపంచ కప్‌కు కొద్ది వారాల ముందు సొంతగడ్డ మీద దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయాక నవ్వు కాస్తా కోపమైంది. ఈసారి పేరున్న నకమురాను పక్కన కూర్చోబెట్టి, హోండాను ముందుకు తెచ్చాడు. కామెరూన్, డెన్మార్క్‌లను ఓడించి జపాన్ తొలిసారి విదేశీ గడ్డపై నాకౌట్ దశకు చేరింది. అక్కడ పరాగ్వే చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది.

ఇంత చూసిన మనిషికి టీవీలో విశ్లేషణలు, సభల్లో సన్మానాలు చాలు. కానీ 2014లో ఒకాడా షికోకు దీవిలోని ఇమాబరికి వెళ్లాడు. తువ్వాళ్లకూ, ఓడల తయారీకీ పేరున్న ఊరది. అక్కడి క్లబ్‌లో సగానికి పైగా వాటా తీసుకుని యజమాని అయ్యాడు. ఆ జట్టు అప్పుడు ఆడుతున్నది ప్రాంతీయ లీగ్, అంటే దేశంలో అయిదో అంచె. ఆటగాళ్ల ఎంపిక తెలిసిన మనిషి జీతాలు, స్పాన్సర్లు, టికెట్ల లెక్కలు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. 2016 నుంచి రెండేళ్లు జపాన్ ఫుట్‌బాల్ సంఘం ఉపాధ్యక్షుడిగా ఉన్నా, తిరిగి వచ్చింది ఈ ఊరికే.

కోచ్ పనికి తొంభై నిమిషాల్లో మార్కులు పడతాయి. ఊళ్లో జట్టును నిలబెట్టే పనికి ఆ సుఖం లేదు, ఫలితం చూసేది మనమో మన తర్వాతివాళ్లో తెలియదు. వస్తువుల కన్నా మనసు నిండుగా ఉండే సమాజాన్ని రాబోయే తరానికి ఇవ్వాలని ఆ క్లబ్ తన ఆశయంగా రాసుకుంది. ఇలాంటి మాటలు ఏ కంపెనీ గోడ మీదైనా కనిపిస్తాయి, నేను మామూలుగా నమ్మను. ఇక్కడ నమ్మడానికి కారణం తర్వాత జరిగిన పని. 2020లో జట్టు మూడో అంచెకు చేరింది. 2023లో ప్రైవేటు డబ్బుతో సొంత స్టేడియం లేచింది. 2024లో క్లబ్ పేరుతో హైస్కూలు మొదలైతే ఒకాడాయే దాని అధిపతి అయ్యాడు. 2025లో జట్టు రెండో అంచెకు ఎక్కింది.

డెన్మార్క్‌ను ఓడించిన రాత్రి కన్నా ఈ పదేళ్లే ఆయన చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.