పిడుదుతో పంతం వద్దు నాయనా

నాయనా, బెంగుళూరు కొలువు మానుకొని గొర్రెలు పట్టుకున్నావని ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. అననీ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఖాయం లేని ఈ అనంతపురం మెరక నేలల్లో శెనక్కాయను నమ్ముకున్నోడి కంటే మందను నమ్ముకున్నోడే కరువుకు తట్టుకున్నాడు. మేపుడు సంగతులు మన కురుబ పెద్దలు నాకంటే బాగా చెప్తారు. నేను చెప్పేది పిడుదుల సంగతి.

మొన్న చూసినా కదా, గొర్రె చెవి మడతలోంచి ఆముదం గింజంత పిడుదును పీకి, రెండు గోళ్ల మధ్య పెట్టి టప్పుమనిపించినావు. రక్తం వేళ్లకంటితే లుంగీకి తుడిచి, ఇంకోదాని కోసం వెతికినావు. ఈ పక్క అందరూ చేసేదే అది, అయినా వద్దు. గోటి పక్క చిన్న చీలిక ఉన్నా చాలు, దాని కడుపులోని క్రిమి మన ఒంట్లోకి దిగడానికి. 2011లో గుజరాత్‌లో, అహ్మదాబాద్ దగ్గర ఒకామెకు క్రిమియన్-కాంగో జ్వరమొస్తే, ఆమెతోపాటు వైద్యం చేసిన డాక్టరూ నర్సూ కూడా పోయినారు. ఆ జబ్బును మోసేది పశువులకు పట్టే ఒక జాతి పిడుదే. నిన్ను భయపెట్టాలని కాదు, గోళ్లకు ఆ పని పెట్టొద్దని చెప్తున్నా.

ఇంక మనిషికి పట్టినప్పుడు. బీడీతో చురక పెట్టేవాళ్లు, కిరసనాయిలు పోసేవాళ్లు, సున్నం పూసేవాళ్లు మన ఇంట్లోనే ఉన్నారు. మీ అవ్వ అయితే పొగాకు రసం! అవేవీ చేయొద్దు. పిడుదు నోటికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, పైగా బంక లాంటిది కారించి చర్మానికి అతుక్కుంటుంది. కాల్చి, కలవరపెట్టినామంటే దాని లోపలిది మన రక్తంలోకే కక్కే ప్రమాదముంది. సన్నమూతి పట్టకారు తీసుకో. కడుపును కాదు, చర్మానికి ఆనుకొని ఉన్న తలను పట్టుకో. మెలి తిప్పకుండా, గుంజకుండా, నిదానంగా నిట్టనిలువుగా పైకి లాగు. పట్టకారు లేకుంటే వేళ్లకు ప్లాస్టిక్ కవరు చుట్టుకొని అయినా సరే, వెంటనే తియ్యి. చాలా జబ్బుల క్రిములు కరిచిన క్షణంలోనే దిగవు, కొన్ని గంటలు పడుతుంది. మూతి ముక్క లోపల మిగిలితే సూదితో కెలకొద్దు, చర్మమే దాన్ని తోసేస్తుంది. తర్వాత సబ్బుతో కడిగి స్పిరిట్ అద్దు. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వెయ్యి.

సాయంత్రం మందను దొడ్డికి తోలినాక ఒళ్లంతా చూసుకో. చంకలు, గజ్జలు, మోకాటి వెనక, చెవి వెనక. పిల్లోని మొలతాడు కింద కోడలిని తప్పకుండా చూడమను. పిడుదులు బిగువుగా, వెచ్చగా ఉన్న చోటే పోయి కూర్చుంటాయి.

అన్నిటికంటే ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తే, అరచేతుల్లో, అరికాళ్లల్లో ఎర్రమచ్చలు లేస్తే, కరిచిన చోట నల్లటి పెచ్చు కడితే, ఇంటి పక్క డాక్టరు దగ్గర సెలైన్లు ఎక్కించుకుంటూ కూర్చోవద్దు. అనంతపురం పెద్దాసుపత్రికి పో. పోయి, "మందలో తిరుగుతా, పిడుదు కరిచింది" అని నువ్వే ముందు చెప్పు. వాళ్లు అడగరు, నువ్వు చెప్పవు, టైఫాయిడ్ అనుకుంటారు. నల్లి జాతి పిల్లపురుగు కరిస్తే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఇట్లే ఉంటుంది. ఆ పురుగు కంటికి ఆననంత చిన్నది, కరిచిందని తెలీదు కూడా. మచ్చలు లేపే ఈ పిడుదు జ్వరానికీ, స్క్రబ్ టైఫస్‌కూ వాడేది డాక్సీసైక్లినే, ఖరీదైన మందేమీ కాదు. వేళకు పడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. డాక్టరు రాయకుండా నువ్వే కొని మింగొద్దు.

దొడ్డి గోడ బీటలు పూడ్పించు. కడుపు నిండిన ఆడ పిడుదు అక్కడే దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. గొర్రెలకు పూసే మందు సంగతి పశువుల డాక్టరును అడుగు, మందు పూసేటప్పుడు చేతికి గ్లౌజులు తొడుక్కో. నాలుగు నాటుకోళ్లను దొడ్డిలో వదిలితే కొంత ఏరుకు తింటాయి. మీ పెద్దమ్మ దగ్గర పెట్టలున్నాయి, వచ్చి పట్టుకుపో.