కొండ ఎక్కుతూ తక్బీర్, దిగుతూ తస్బీహ్



ఎండాకాలం సెలవులు రాగానే ప్రతి ఇంట్లో పిల్లలు అడిగే మాట ఒకటుంది: "అబ్బా, ఎక్కడికైనా పోదాం." దీనికి పెద్దల జవాబు రెండు రకాలుగా ఉంటోంది. షికార్లు దీన్‌దారుల పని కాదని కొందరు కసురుకుంటారు. మరికొందరు సరదాగా బయల్దేరుతారుగానీ, ఆ రోజు నమాజును ఇంట్లో పెట్టి తాళం వేసి మరీ వెళ్తారు. మొదటివారు కుటుంబం హక్కును మరిచారు. రెండోవారు ప్రభువు హక్కును మరిచారు. మన ధర్మం ఈ రెండు హక్కులనూ ఒకే రోజులో నెరవేర్చే మార్గం చూపింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వారికి ఇందుకు దూరదేశాలు పోవలసిన పని లేదు. మదనపల్లెకు సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో హార్స్లీ కొండలున్నాయి. పూర్వం ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచేవారు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ ఎండలు తాళలేక అక్కడ బంగళా కట్టించుకోవడంతో ఆయన పేరు స్థిరపడింది. సముద్ర మట్టానికి 1,200 మీటర్లకు పైబడిన ఎత్తు. కింద ఎండ మండుతున్నా పైన నీలగిరి చెట్ల నీడలో చల్లగాలి వీస్తుంది. కాలినడకన ఎక్కేవారున్నారు, గేర్ల సైకిళ్ల మీద ఘాట్ రోడ్డు ఎక్కే పడుచువాళ్లూ ఉన్నారు.

కుటుంబం హక్కు

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఒకసారి తన ధర్మసోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లారు. ఆయన పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. ఇల్లాలిని పట్టించుకోవడం లేదు. ప్రభువుకు ఎలా హక్కుందో నీ శరీరానికీ, నీ భార్యకూ అలాగే హక్కుందని, ఎవరి హక్కు వారికివ్వమని సల్మాన్ హితవు చెప్పారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స), సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు (బుఖారీ).

మన వైపు నుంచి ఎందరో బతుకుతెరువు కోసం కువైట్, సౌదీ వెళ్తున్నారు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద ఇంటికి వస్తారు. ఆ రెండు నెలలూ ఇంటి మరమ్మతులు, పెళ్లిళ్లు, అప్పుల లెక్కలతోనే గడిచిపోతాయి. తండ్రి తెచ్చిన సెల్‌ఫోను పిల్లవాడికి తెలుసు, తండ్రి మాత్రం తెలియదు. అలాంటి ఇంట్లో ఒక పగలంతా అబ్బాజాన్ చేయి పట్టుకుని కొండెక్కిన జ్ఞాపకం ఏ బంగారు గొలుసుకూ తక్కువ కాదు. ఆ ఒక్క రోజును షికారు అని తేలిగ్గా తీసేయకండి, అది తీర్చవలసిన బాకీ.

ఆడవాళ్లను ఇంట్లో వదిలి వెళ్లడం

మన ఇళ్లలో మరో అలవాటుంది. మగపిల్లలు సైకిళ్లేసుకుని కొండకు పోతారు. తల్లీ కూతుళ్లు తెల్లవారుజామున లేచి బిర్యానీ వండి, డబ్బాలు కట్టి, గడప దగ్గర ఆగిపోతారు. ఇది దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతేనా? ఒక ప్రయాణంలో ఆయన (స) అనుచరులను ముందు వెళ్లమని చెప్పి, విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరో ప్రయాణంలో మళ్లీ పందెం వేశారు. అప్పటికి ఆమె కొంచెం ఒళ్లు చేశారు. ఈసారి ఆయన (స) గెలిచి, ఆనాటి ఓటమికి ఇది బదులని నవ్వుతూ అన్నారు (అబూ దావూద్). దైవ సందేశ భారాన్ని మోస్తున్న మహనీయునికే ఇల్లాలితో పరుగెత్తే తీరిక దొరికింది. మనకు దొరకదా?

పరదా మర్యాద పాటిస్తూ, నిండుగా, వదులుగా ఉండే దుస్తులతో ఆడపిల్లలూ కొండెక్కవచ్చు. తండ్రి, అన్నదమ్ములు వెంట ఉండగా జనం తక్కువగా ఉన్న చోట సైకిలూ తొక్కవచ్చు. అయితే చున్నీ, బురఖా అంచు చక్రంలోనో చైనులోనో చిక్కుకోకుండా ముందే సర్ది కట్టుకోవాలి.

నమాజు విషయం

హజ్రత్ హంజలా (రజి) ఒకనాడు భయపడుతూ దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చారు. మీ సన్నిధిలో పరలోకం కళ్లెదుటే ఉన్నట్లుంటుంది, ఆలుబిడ్డల మధ్యకు వెళ్లగానే చాలా మరిచిపోతున్నాను, నేను కపటినేమో అని బాధపడ్డారు. ఆయన (స) గద్దించలేదు. దానికొక ఘడియ, దీనికొక ఘడియ అని ఊరడించారు (ముస్లిం). అయితే వేళకు నమాజు చేసేవారికే ఈ ఊరట. నమాజే విడిచిపెట్టేవారికి ఇది సాకు కారాదు.

హనఫీ ఉలమాల లెక్క ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరం ఉద్దేశించి ఊరు దాటినవారు ప్రయాణికులవుతారు. మదనపల్లె, పుంగనూరు నుంచి హార్స్లీ కొండలకు అంత దూరం లేదు. కనుక వారు జుహర్, అసర్ నాలుగేసి రకాతులూ పూర్తిగా చేయాలి. కుప్పం నుంచి పలమనేరు మీదుగా వచ్చేవారికి దూరం నూరు కిలోమీటర్లు దాటుతుంది. వారు జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులకు కుదించాలి. ఫజర్, మగ్రిబ్ మారవు. వుజూకు నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. యావత్ భూమండలాన్నీ మన కోసం మస్జిద్‌గా చేశారు కాబట్టి శుభ్రమైన చోట దుప్పటి పరచి, ఇంటిల్లిపాదీ జమాఅత్‌గా నిలబడండి. అబ్బా వెనుక కొండ మీద చేసిన ఆ నమాజు పిల్లల గుండెల్లో నిలిచిపోతుంది.

ప్రాణం కూడా అమానతే

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి నేర్పారు (తిర్మిజీ). ఘాట్ రోడ్డు మీద సైకిలుకు బ్రేకే ఆ కట్టుతాడు. ఎక్కడానికి ముందు రెండు బ్రేకులూ, టైర్లలో గాలీ చూసుకోవాలి. తలకు హెల్మెట్ తప్పనిసరి. దిగేటప్పుడు మొదటి నుంచే వేగం తగ్గించుకోవాలి. మలుపులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే సైకిలు మనిషిని ఎత్తి పడేస్తుంది. కుప్పం, పలమనేరు వైపున్న కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే చోటు. అటవీశాఖ అనుమతి లేనిదే అటు సైకిళ్లు తిప్పరాదు. మీ చేతులారా మిమ్మల్ని మీరు నాశనంలోకి నెట్టుకోవద్దన్నది దివ్య ఖుర్ఆన్ హెచ్చరిక (అల్ బఖర: 195).

దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటి (ముస్లిం). మరి దారిలో పగిలిన సీసా, ప్లాస్టిక్ సంచి వేసి రావడం ఏమవుతుంది? నీడపట్టున, నీటి రేవుల్లో, దారుల్లో మలవిసర్జన చేయడం శాపాన్ని తెచ్చే పని అని ఆయన (స) హెచ్చరించారు (అబూ దావూద్). ఎండాకాలం ఎండుటాకుల మధ్య పొయ్యి వెలిగించకండి. ఆ మంటలో కాలేది గూళ్లలోని పక్షిపిల్లలే.

కొండ చెప్పే పాఠం

ఒంటెను ఎలా సృష్టించామో, పర్వతాలను ఎలా పాతామో చూడరా అని ప్రభువు అడుగుతున్నాడు (అల్ గాషియ: 17-19). మన పిల్లలకు ఒంటె దూరం కావచ్చు. మూడడుగులైనా ఎత్తు లేకుండా పాలిచ్చే పుంగనూరు ఆవు దగ్గరే ఉంది. దాన్ని చూపించండి. కొండను చూపించండి. విర్రవీగుతూ నడవవద్దని, మనిషి భూమిని చీల్చలేడని, పర్వతాల ఎత్తును అందుకోలేడని ఖుర్ఆన్ చెప్పిన మాట (బనీ ఇస్రాయీల్: 37) అక్కడ, ఆయాసంతో రొప్పుతున్నప్పుడు, బాగా అర్థమవుతుంది.

ప్రయాణంలో ఎత్తు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్ అని, పల్లంలోకి దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అని పలికేవాళ్లమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు (బుఖారీ). పైకి ఎక్కినవాడికి తానే గొప్ప అనిపిస్తుంది, అప్పుడు అల్లాహ్ గొప్పతనాన్ని చాటాలి. కిందికి దిగడం మనిషికి తగ్గుదల, ఏ తగ్గుదలా లేని ప్రభువు పవిత్రతను అప్పుడు కొనియాడాలి. కొండకే కాదు, ఉద్యోగానికీ, వ్యాపారానికీ, ఆరోగ్యానికీ ఇదే సూత్రం. ఒక్క సెలవు రోజున ఈ రెండు పలుకులూ పిల్లల నాలుక మీద నిలిస్తే, బతుకులోని ఎత్తుపల్లాలన్నిటికీ వారిని సిద్ధం చేసినట్లే.

మన నవ్వులను, మన నడకను, మన నమాజులను అల్లాహ్ స్వీకరించుగాక! మన కుటుంబాలను స్వర్గంలోనూ ఒక్కచోట చేర్చుగాక! ఆమీన్.