శరణు కోరి వచ్చినవారు

 

మనం రోజూ త్రిశరణాలు చెప్పుకుంటాం. శరణార్థి అనే మాట కూడా ఆ శరణులోంచి వచ్చిందే. కానీ హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెలు వేసుకుని బతుకుతున్న రోహింగ్యాల మాట ఎత్తితే, మా జి. కొండూరు వైపు రెండు ప్రశ్నలు వస్తాయి. వాళ్ళు ముస్లిములు కదా, వాళ్ళ సంఘాలు చూసుకోవా? బర్మా బౌద్ధ దేశం కదా, మనం ఎందుకు వేలెత్తి చూపాలి?

రెండోది గట్టి ప్రశ్న. 2017 ఆగస్టులో మొదలైన సైన్యం దాడులకు 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకుముందే ఆ ద్వేషాన్ని నూరిపోసినవాళ్ళలో చీవరం కట్టిన భిక్షువులూ ఉన్నారు. చీవరం కట్టినంత మాత్రాన వాళ్ళు చెప్పేది ధమ్మం అయిపోదు. రోహిణి నది నీళ్ళ కోసం కోలియులతో యుద్ధానికి శాక్యులు సిద్ధమైతే, వద్దన్నందుకు సిద్ధార్థుడు దేశం విడిచి పోవలసి వచ్చిందని బాబాసాహెబ్ రాశారు. యుద్ధం కాదని ఇల్లు వదిలినవాడు మన శాస్త. అలాంటప్పుడు యుద్ధం తరిమినవాళ్ళను మతం అడిగి లోపలికి రానిస్తామా?

మన తెలుగువాళ్ళూ ఈ దారిన నడిచినవాళ్ళే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక వేలమంది కూలి జనం అడవులూ కొండలూ దాటి వచ్చారు. 1960లలో నే విన్ పాలనలో మళ్ళీ బతుకుదెరువు పోగొట్టుకుని తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అలా వచ్చినవాళ్ళకు అప్పులిచ్చి నిలబెట్టడానికే 1969లో కేంద్రం రెప్కో బ్యాంకు పెట్టింది. అందులో మన రాష్ట్ర ప్రభుత్వానికీ వాటా ఉంది. ఢిల్లీ, రాష్ట్రం, పక్కింటివాళ్ళు తలా ఒక చెయ్యి వేస్తేనే వాళ్ళు నిలదొక్కుకున్నారు.

రోహింగ్యాలకు పై చెయ్యే లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. ఐక్యరాజ్య సమితి ఇచ్చిన కార్డు చూపిస్తే ఆధార్ రాదు, ఆధార్ లేకపోతే ఏ ఆఫీసులోనూ పని కాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన బౌద్ధులకు చోటు ఉంది, ముస్లిములకు లేదు. మన పేరు ఉంది కదా అని సంబరపడేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. పుట్టుకను బట్టి మనిషిని లోపల, బయట అని విడగొట్టడం ఎలా ఉంటుందో మన పేటలకు ఒకరు చెప్పాలా?

చట్టం మార్చే అధికారం మన చేతిలో లేదు, అడిగే నోరు ఉంది. ఎంపీకి అర్జీ రాయొచ్చు. ఇక కింది పని మనకు బాగా తెలిసిందే. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించడం, హెడ్మాస్టరు కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమనడం అంబేద్కర్ సంఘాల్లో తిరిగిన ఎవరికైనా వచ్చిన విద్య. 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లల చదువు కేసులో సుప్రీంకోర్టు, ముందు బడికి దరఖాస్తు పెట్టండి, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్ళండి అంది. ఆ దరఖాస్తు రాసిపెట్టే మనిషి కావాలి కదా.

ఎండాకాలంలో దుప్పట్లు పంచి ఫోటో దిగే దానం నాకు నచ్చదు. మన పేటల నుంచి హైదరాబాద్ పనులకు వెళ్ళిన కుటుంబాలున్నాయి. అక్టోబర్ 14 చందా పోగుచేసే ముందు వాళ్ళలో ఒకరిద్దరు బాలాపూర్ వెళ్ళి, అక్కడ ముందునుంచీ పనిచేస్తున్నవాళ్ళను కలిసి, ఆ తల్లులతో కూర్చుని, ఏం కావాలమ్మా అని అడిగి రావాలి.